పిల్లాడి మూత్రంలో దొరికింది సీసం కాదు

మాటలు ఆలస్యమైన పిల్లలకి, ఆటిజం ఉందేమో అని అనుమానం ఉన్న పిల్లలకి "ఒంట్లో హెవీ మెటల్స్ చేరాయేమో చూద్దాం" అని యూరిన్ పోర్ఫిరిన్ టెస్టు చేయించడం తప్పు. ఇది నా అభిప్రాయం, గట్టి అభిప్రాయం. ఎందుకంటే ఆ టెస్టు ఏ లోహాన్నీ కొలవదు. కొలవని దాని పేరు చెప్పి ముందు భయపెడతారు, ఆ భయం మీద "డిటాక్స్" ప్యాకేజీ అమ్ముతారు. మధ్యలో పోయేది ఎవరి డబ్బులో, ఎవరి పిల్లాడి ఏడాదో మనకి తెలుసు.

ఈ సంచికకి సినిమా మీదో, హాస్టల్ మెస్సు మీదో సరదాగా రాయమన్నారు ఎడిటర్ గారు. సారీ ఎడిటర్ గారూ. సీఎస్ఈ చదివే అమ్మాయికి మూత్ర పరీక్షలతో ఏం పని అని మీరు అడగొచ్చు. పని ఎలా పడిందో చెప్తాను.

మా ఇళ్లల్లో ఇంగ్లీషులో ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే వస్తుంది. బ్యాంకు నోటీసు, ఇన్సూరెన్సు బాండు, స్కానింగ్ రిపోర్టు, అన్నీ. ఇంగ్లీషు మీడియంలో చదివినందుకు నేను ఇంటికి కడుతున్న ఫీజు అనుకోండి. మా పిన్నీ వాళ్లది గురజాల వైపు. వాళ్ల బాబుకి నాలుగేళ్లు, మాటలు ఇంకా సరిగ్గా రాలేదు. పిలిస్తే ఒక్కోసారి పలకడు. ఎవరో చెప్పారని ఒక పెద్ద ఊళ్లో ఉన్న సెంటరుకి తీసుకెళ్లారు. వాళ్లు మూత్రం శాంపిల్ తీసుకుని, దూరంగా ఉన్న ఏదో ల్యాబుకి పంపి, ఏడు పేజీల రిపోర్టు ఇచ్చారు. రంగు రంగుల గీతలు. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. మూడు గీతలు ఎర్ర భాగంలోకి వెళ్లిపోయి ఉన్నాయి.

బాబాయ్ ఫోన్లో ఫోటోలు పంపి కాల్ చేశాడు. "ఏమ్మా, నువ్వు చదివి చెప్పు. మావోడి ఒంట్లో సీసం ఎంతుందంట?"

ఏడు పేజీలూ చదివాను. పెంటాకార్బాక్సీ అని ఒకటి, ప్రీకోప్రో అని ఒకటి, కోప్రో ఒకటి, కోప్రో మూడు అని ఇంకోటి. కింద చిన్న అక్షరాల్లో "టాక్సిక్ మెటల్స్ వల్ల కావచ్చు" అని ఒక వాక్యం. సీసం ఇంత, పాదరసం ఇంత అని ఒక్క అంకె కూడా లేదు. లేదు అంటే ఎక్కడో దాక్కుని లేదు అని కాదు, అసలు ఆ టెస్టులో ఉండదు. అదే మాట చెప్పాను. "అదేందమ్మా, పద్దెనిమిది వేలు కట్టింది దానికేగా" అన్నాడు బాబాయ్. రెండు కోతల మిరపకాయ టిక్కీలు అమ్మిన డబ్బుల్లోంచి తీసి కట్టాడు ఆ పద్దెనిమిది వేలు.

అక్కడి నుంచి ఈ పోర్ఫిరిన్ అంటే ఏంటో చదవడం మొదలుపెట్టాను.

మన రక్తం ఎర్రగా ఉండటానికి కారణం హీమ్. ఒంట్లో హీమ్ ఒక్క దెబ్బకి తయారవదు, వరసగా ఎనిమిది మెట్లు ఉంటాయి. ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో ఎంజైము పని చేస్తుంది. మధ్యలో వచ్చే పదార్థాలే ఈ పోర్ఫిరిన్లు, వాటి ముందు రూపాలూ. చిట్టచివర ప్రోటోపోర్ఫిరిన్‌లో ఇనుము వచ్చి కూర్చుంటే హీమ్ అవుతుంది. పల్నాడు వాళ్లకి దీన్ని వివరించడం చాలా తేలిక. సాగర్ కుడి కాలువని గుర్తు తెచ్చుకోండి. కాలువ పొడవునా వరసగా షట్టర్లు ఉన్నాయనుకుందాం. ఏదో ఒక షట్టరు సగం దిగిపోతే పైన నీళ్లు ఎగదన్ని, గట్టు దాటి పక్క పొలంలోకి వస్తాయి. అట్లా పొంగి బయటికొచ్చిన నీళ్లే మూత్రంలో కనిపించే పోర్ఫిరిన్లు.

సీసం నిజంగానే ఈ షట్టర్లని దించుతుంది. మొదటి వైపు ఒకదాన్ని, చివర ఇనుము కూర్చునే దగ్గర ఇంకోదాన్ని. ఇది పాత, రుజువైన సంగతి. సీసం బాగా ఎక్కువగా ఒంట్లో చేరిన వాళ్ల మూత్రంలో ఏఎల్ఏ అనే పదార్థం, కోప్రోపోర్ఫిరిన్ పెరుగుతాయి. బ్యాటరీ ఫ్యాక్టరీల్లో పని చేసేవాళ్లకి ఇలాంటి పరీక్షలు చేసేవాళ్లు. కాబట్టి టెస్టు వెనకాల సైన్సు అబద్ధం కాదు. అబద్ధం ఎక్కడ మొదలవుతుందంటే, పొలంలో నీళ్లు చూసి "షట్టరు దించింది ఫలానావాడే" అని పేరు చెప్పే దగ్గర. షట్టరు తుప్పు పట్టి దిగి ఉండొచ్చు, చెట్టు కొమ్మ అడ్డం పడి ఉండొచ్చు, లస్కరే దించి ఉండొచ్చు. మూత్రంలో కోప్రోపోర్ఫిరిన్ లివర్ జబ్బుల్లో పెరుగుతుంది, కొన్ని మందులకి పెరుగుతుంది, కొన్ని రకాల రక్తహీనతల్లో పెరుగుతుంది. శాంపిల్‌కి వెలుతురు తగిలితే పోర్ఫిరిన్లు విరిగిపోయి అంకెలు మారతాయి, అందుకే ఆ డబ్బాని వెలుతురు తగలకుండా చుట్టాలి. మా వాడి శాంపిల్ గురజాల బస్సులో ఎంత ఎండ చూసిందో దేవుడికే తెలియాలి.

క్రియాటినిన్ గొడవ ఇంకోటి ఉంది. మూత్రం పల్చగా ఉందా చిక్కగా ఉందా అన్నది సరిచేయడానికి పోర్ఫిరిన్‌ని క్రియాటినిన్‌తో భాగిస్తారు. క్రియాటినిన్ కండల నుంచి వస్తుంది. చిన్నపిల్లలకి కండ తక్కువ, బక్క పిల్లలకి ఇంకా తక్కువ. హారం చిన్నదైతే భిన్నం పెద్దదవుతుంది, ఇది ఐదో తరగతి లెక్క. అంటే ఒంట్లో ఏ విషం లేకపోయినా నాలుగేళ్ల పిల్లాడి అంకె పన్నెండేళ్ల పిల్లాడి అంకె కంటే పెద్దగా వస్తుంది.

ఇది నా ఊహ కాదు. ఈ టెస్టు గురించి మాట్లాడేవాళ్లు అందరూ చెప్పే పేరు వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన జేమ్స్ వుడ్స్. పాదరసానికి పోర్ఫిరిన్లు ఎలా మారతాయో ఎలకల మీద, పాదరసంతో పని చేసే డెంటిస్టుల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసినాయన ఆయనే. ఫ్రాన్స్‌లో నటాఫ్ బృందం 2006లో ఆటిజం పిల్లల మూత్రంలో కోప్రోపోర్ఫిరిన్ ఎక్కువగా ఉందని పేపరు వేసింది. టెస్టు అమ్మేవాళ్లందరికీ అదే ఆధారం. కానీ 2010లో వుడ్స్ బృందమే మామూలు పిల్లల్నీ, ఆటిజం పిల్లల్నీ పక్కపక్కన పెట్టి చూసింది. మామూలు పిల్లల్లోనే రెండేళ్ల నుంచి పన్నెండేళ్లకి వచ్చేసరికి చాలా పోర్ఫిరిన్లు సగానికి పైగా తగ్గాయి. ఆటిజం పిల్లల్లో కొన్ని పోర్ఫిరిన్లు ఎక్కువ ఉన్నమాట నిజమే. కానీ వాళ్ల మూత్రంలో పాదరసం మిగతా పిల్లల కంటే ఎక్కువ లేదు. అంటే షట్టరు దిగినట్టు కనిపించింది, దించాడని అనుమానించినవాడు మాత్రం అక్కడ లేడు. అమ్మేవాళ్లు ఈ 2010 పేపరులో మొదటి సగం మాత్రమే చెప్తారు.

సీసం విషయంలో దీనికి ముందే ఒక అనుభవం ఉంది. 1970లు, 80ల్లో అమెరికాలో పిల్లలకి సీసం స్క్రీనింగ్ అంటే రక్తంలో ప్రోటోపోర్ఫిరిన్ చూసేవాళ్లు. అది మూత్ర పరీక్ష కన్నా ఎంతో నయం, చౌక కూడా. అయినా 1991లో వాళ్ల సీడీసీ దాన్ని స్క్రీనింగ్ నుంచి పక్కన పెట్టింది. కారణం, రక్తంలో సీసం డెసీలీటరుకి 25 మైక్రోగ్రాముల కంటే తక్కువ ఉంటే ఆ పరీక్షకి సరిగ్గా దొరకదు. పిల్లల మెదడుకి నష్టం అంతకంటే చాలా తక్కువ దగ్గరే జరుగుతుంది. రెండో చిక్కు, ఇనుము తక్కువైనా అదే ప్రోటోపోర్ఫిరిన్ పెరుగుతుంది. ఇప్పుడు మన రాష్ట్రం సంగతి చూడండి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి అరవై మందికి పైగా రక్తహీనత ఉంది. ఇక్కడ ఆ పరీక్ష పెడితే సగం అంగన్వాడీ సీసం కేసులే అంటుంది.

రక్తహీనత అంటే గుర్తొచ్చింది. మా వాడిని తర్వాత నరసరావుపేటలో పిల్లల డాక్టరుకి చూపించారు. ఆయన చేయించింది రెండు మామూలు పరీక్షలు. హిమోగ్లోబిన్ 8.4. రక్తంలో సీసం 2.9. అంటే ఏడు పేజీల రిపోర్టు చెప్పని అంకెని ఒక్క గొట్టం రక్తం చెప్పేసింది, ఎర్ర గీతలు అస్సలు పట్టించుకోని రక్తహీనతని ఇంకో చుక్క చెప్పింది. ఐరన్ టానిక్ రాసి, చెవి పరీక్ష, స్పీచ్ థెరపీ కోసం గుంటూరు పంపాడు.

మనం చదువుకున్న ప్రాబబిలిటీ ఇక్కడ పనికొస్తుంది. సెకండియర్లో బేస్ థీరమ్ ఎందుకురా బాబూ అనుకున్నవాళ్లు ఇది చదవండి. లెక్క కోసం అనుకుందాం, వెయ్యి మంది పిల్లల్లో నిజంగా ప్రమాదకరంగా సీసం ఉన్నవాళ్లు పది మంది. మన టెస్టు అందులో తొమ్మిది మందిని పట్టుకుంటుంది. బాగుంది. కానీ ఏమీ లేని పిల్లల్లో కూడా ఐదుగురిలో ఒకరికి ఎర్ర గీత చూపిస్తుంది. 990లో ఐదో వంతు 198. మొత్తం ఎర్ర గీతలు 207, అందులో నిజమైనవి 9. అంటే ఎర్ర రిపోర్టు పట్టుకుని ఏడుస్తూ ఇంటికెళ్లే ఇరవై మూడు మంది తల్లుల్లో ఒక్కరి పిల్లాడికే నిజంగా సమస్య ఉంది. మిగతా ఇరవై రెండు మందికి డిటాక్స్ అమ్ముడుపోతుంది. వ్యాపారం పరంగా చూస్తే టెస్టు ఎంత చెడ్డదైతే అంత మంచిది.

డిటాక్స్ వల్ల నష్టమేముంది, మహా అయితే డబ్బులేగా అనుకుంటారేమో. కాదు. ఈ టెస్టు తర్వాత ఇచ్చేది చాలాసార్లు కీలేషన్, అంటే లోహాలని పట్టుకుని మూత్రంలోకి లాగే మందులు. నిజంగా సీసం విషమెక్కిన పిల్లాడికి అవి ప్రాణం పోస్తాయి. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో పిల్లలకి ఈ మందు గట్టిగా సూచించేది రక్తంలో సీసం 45 మైక్రోగ్రాములు దాటితే. 5 దాటితే చేయాల్సిన పని, సీసం ఎక్కడి నుంచి వస్తోందో వెతికి దాన్ని ఆపడం. అవసరం లేని పిల్లాడికి ఈ మందులిస్తే ఒంటికి కావాల్సిన ఖనిజాలు కూడా పోతాయి. 2005లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఆటిజం ఉన్న ఐదేళ్ల బాబు ఒక క్లినిక్‌లో కీలేషన్ ఇంజెక్షన్ తర్వాత చనిపోయాడు. కాల్షియం కలిపిన ఈడీటీఏ బదులు సోడియం ఈడీటీఏ ఎక్కించారు. అది రక్తంలో కాల్షియాన్ని లాగేసింది, గుండె ఆగిపోయింది. అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి ఆటిజం పిల్లల మీద కీలేషన్ ట్రయల్ పెట్టాలనుకుని 2008లో వదిలేసింది. అంతకు ముందే, సీసం లేని ఎలకలకి ఈ రకం మందు ఇస్తే వాటి నేర్చుకునే శక్తే దెబ్బతిన్నట్టు తేలింది.

కొందరు ఇంకో తెలివి చేస్తారు. ముందు కీలేషన్ మాత్ర వేసి, తర్వాత మూత్రం పట్టి, అందులో లోహాలు కొలుస్తారు. మాత్ర పనే లోహాలని బయటికి లాగడం కాబట్టి ఎవరికి వేసినా అంకె పెరుగుతుంది. దాన్ని మాత్ర వేయని వాళ్ల నార్మల్‌తో పోల్చి "చూశారా" అంటారు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ మెడికల్ టాక్సికాలజీ ఈ పద్ధతికి శాస్త్రీయమైన ఆధారం లేదని 2010లోనే చెప్పింది.

"సర్లే, డాక్టర్లకే ఒక్కోసారి తెలీదు గదా" అంటాడు మా బాబాయ్. ఆ మాటలో నిజం ఉంది. ఏలూరు మనందరికీ గుర్తుంది. 2020 డిసెంబరులో, కరోనా మధ్యలో, పిల్లలూ పెద్దలూ ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయారు. ఐదు వందల మందికి పైగా ఆసుపత్రులకి వచ్చారు. ఎయిమ్స్ వాళ్లు రక్తంలో సీసం, నికెల్ కనిపించాయన్నారు. టీవీల్లో రోజంతా సీసమే. నేను అప్పుడు తొమ్మిదో తరగతి, ఆన్‌లైన్ క్లాసు మానేసి మరీ చూశాను. నెల మధ్యకి వచ్చేసరికి నిపుణుల మాట మారింది, పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చన్నారు. అక్కడ రక్తంలో లోహాన్నే నేరుగా కొలిచారు, దేశంలో పెద్ద సంస్థలు కొలిచాయి. అయినా "ఒంట్లో ఉంది" అన్నదానికీ "జబ్బుకి కారణం అదే" అన్నదానికీ మధ్య అంత దూరం ఉంది. అలాంటప్పుడు లోహాన్ని కొలవనే కొలవని ఒక గీతని చూసి, మాటలు రాకపోవడానికి కారణం ఇదే అని ఒక్క సిట్టింగులో తేల్చేసేవాళ్లని ఏమనాలి? డాక్టర్లకి తెలియకపోతే ఇంకో పరీక్ష చేశారు, మాట మార్చుకున్నారు. ఈ సెంటర్ల వాళ్లు మాట మార్చుకోవడం నేను చూడలేదు, ప్యాకేజీ మార్చడం చూశాను.

నేను తల్లిదండ్రులని తప్పు పట్టను. గవర్నమెంటు ఆసుపత్రిలో లైన్లో రెండు గంటలు నిలబడితే డాక్టరు మూడు నిమిషాలు చూస్తాడు. "ఇంకో ఆరు నెలలు చూద్దాం" అంటాడు. ఇంటి దగ్గర అత్తగారు "మా వంశంలో ఎవరికీ లేదు" అంటుంది, ఆ మాట పిన్నికి తగలాల్సిన చోటే తగులుతుంది. సెంటరు వాళ్లు మాత్రం గంట సేపు కూర్చోబెట్టి మాట్లాడతారు, కాఫీ ఇస్తారు, మీ తప్పేం లేదమ్మా, వాతావరణంలో విషం ఉంది అంటారు. ఆ ఒక్క మాట కోసం పద్దెనిమిది వేలు ఇవ్వొచ్చు అనిపిస్తుంది. ఆ మాట ఉచితంగా చెప్పే మనిషి ప్రభుత్వ వ్యవస్థలో లేకపోవడమే అసలు సమస్య. పేరుకి ఉంది. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం నడుస్తోంది. అంగన్వాడీల్లో, స్కూళ్లలో పిల్లల్ని చూసి, ఎదుగుదల ఆలస్యమైన వాళ్లని జిల్లా కేంద్రానికి పంపాలి. పిన్ని ఆ పేరే వినలేదు.

ఇంకో మాట. ఇదంతా చదివి సీసం భయమే ఉత్తదని అనుకోవద్దు. యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ 2020లో ఇచ్చిన అంచనా ప్రకారం రక్తంలో సీసం 5 మైక్రోగ్రాములు దాటిన పిల్లలు మన దేశంలోనే 27.5 కోట్ల మంది. పాత బ్యాటరీలు పగలగొట్టి కరిగించే షెడ్లు, 2017 నవంబరులో 90 పీపీఎం హద్దు వచ్చేలోపు గోడలకేసిన రంగులు, కొన్ని రకాల కాటుకలు, ఇవీ దారులు. మన జిల్లాలోనైతే ఇంకొకటి. బొల్లాపల్లి మండలం బండ్లమోటు దగ్గర హిందుస్థాన్ జింక్ వాళ్ల సీసం గని ఉండేది, అగ్నిగుండాల పేరుతో. అది మూతపడి చాలా ఏళ్లయింది. నేను పుట్టి పెరిగింది ఈ జిల్లాలోనే, ఆ సంగతి మాత్రం ఈ వ్యాసం కోసం చదువుతుంటేనే తెలిసింది. సోషల్ పుస్తకంలో జార్ఖండ్ గనులు బట్టీ పట్టించారు, వినుకొండ పక్కన గని గురించి ఒక్క లైను లేదు.

మిరప, పత్తి చేలల్లో కొట్టే మందుల సంగతి వేరే. ఆర్గానోఫాస్ఫేట్ మందు ఒంట్లోకి వెళ్లిందని అనుమానం వస్తే చూడాల్సింది రక్తంలో కోలినెస్టరేజ్. దానికీ పోర్ఫిరిన్ పనికిరాదు. పోర్ఫిరిన్ టెస్టుకి దాని సొంత పని ఉంది, పోర్ఫిరియా అనే అరుదైన వంశపారంపర్య జబ్బుల్ని పట్టుకోవడం. ఆ పనికి అది మంచి టెస్టు.

మీ ఇళ్లల్లో కూడా ఇంగ్లీషు కాగితాలు మీ దగ్గరికే వస్తాయని నాకు తెలుసు. ఇలాంటి రిపోర్టు వస్తే ముందు సీసం, పాదరసం అని లోహం పేరు పక్కన అంకె ఉందేమో చూడండి. ఉంటే అది రక్తంలోదా మూత్రంలోదా, శాంపిల్‌కి ముందు ఏదైనా మాత్ర వేశారా అని అడగండి. పోర్ఫిరిన్లు మాత్రమే ఉంటే, ఏ మందూ మొదలుపెట్టకుండా పిల్లల డాక్టరు దగ్గర "బ్లడ్ లెడ్" పరీక్ష అడగమనండి. నరసరావుపేటలో రక్తం తీసి పెద్ద నగరంలోని ల్యాబుకి పంపారు, నాలుగు రోజుల్లో వచ్చింది. పద్దెనిమిది వేలలో చిన్న ముక్క కూడా కాలేదు.

2022 ఏప్రిల్‌లో పల్నాడు విడిగా జిల్లా అయింది, నరసరావుపేటలో కలెక్టరాఫీసు వచ్చింది. ఆ పరీక్ష జిల్లా కేంద్రంలోని గవర్నమెంటు ఆసుపత్రిలో ఉచితంగా జరగాలి. మొదట రక్తం తీయాల్సింది బండ్లమోటు చుట్టుపక్కల అంగన్వాడీ పిల్లలకి, పాత బ్యాటరీల షెడ్ల పక్కన ఉండే పిల్లలకి. వాళ్ల అమ్మానాన్నలకి ఏ సెంటరు అడ్రసూ తెలియదు, ఎర్ర గీతల రిపోర్టు కొనే డబ్బులూ లేవు.